అరువు చెయ్యి

1
సోమవారం. గాలి లేదు, నీళ్ళు నిలకడగా ఉన్నాయి.

ఇవాళ్టినుంచి నేను ప్రజాసభ నిర్వాహకురాలిని. ఎవరూ అభినందించలేదు. నిన్న పేట కమిటీలో ఈ పని ఎవరికి అప్పజెప్పాలన్న మాట వచ్చినప్పుడు ఒక్కొక్కళ్ళూ ఒక్కో సాకు చెప్పి తప్పుకున్నారట. ఆ వేళకి నేను మా ఇల్లు తేలే పంటు అడుగున పట్టిన గుల్లలు గీకుతున్నాను. గీకడం పూర్తిచేసి, చేతులు కడుక్కుని వెళ్ళేసరికి తీర్మానం అయిపోయింది. ఆలస్యంగా వచ్చినవాళ్ళ నెత్తిన పని పెట్టడం మా పేటలో మామూలే.

నీటి పేటలన్నిటినీ నడిపే మండలికి పంపాల్సిన నివేదిక వేరే ఉంది. అందులో జరిగింది మాత్రమే ఉండాలట, అభిప్రాయాలు ఉండకూడదట. అభిప్రాయం లేకుండా నేను ఇప్పటిదాకా కూర కూడా వండలేదు. అందుకని నా సొంతానికి ఇది రాసుకుంటున్నాను.

సభ ఆరోగ్య సంస్కరణ మీద. వైద్య పడవలు తక్కువ, నీటిమీది పేటలు ఎక్కువ. ఇకనుంచి గుమ్మం దీపాలను చూసి డాక్టర్లను పంచుతారట. ఎర్ర దీపాలు, పసుపు దీపాలు ఎక్కువున్న పేటకి ముందు. అన్నీ ఆకుపచ్చగా ఉన్న పేటకి డాక్టరు నెలకోసారి వచ్చి చూసిపోతారు. వినడానికి న్యాయంగానే ఉంది. చిక్కల్లా ఏమిటంటే, మండలి మొత్తంలో ఆకుపచ్చ దీపాల్లో మొదటి పేట మాదే. పోయినేడాది దానికి మాకొక ఇత్తడి ఫలకం కూడా ఇచ్చారు.

మా దగ్గర ప్రతి ఇంట్లో వంటగట్టు పక్కన ఒక పలక ఉంటుంది. పొద్దున్నే పేరు చెప్పి అరచెయ్యి ఆనిస్తే ఒంట్లో సంగతి అది చదువుకుంటుంది. సాయంత్రం దీపాల వేళకి గుమ్మంమీద దీపం రంగు మారుతుంది. అందరూ బాగుంటే ఆకుపచ్చ, ఎవరికైనా జబ్బుంటే పసుపు, ప్రాణంమీదికొస్తే ఎరుపు. కడుపుతో ఉన్న మనిషి ఉంటే గులాబీ. గులాబీ వెలిగిన ఇంటికి వరసంతా చలిమిడి పట్టుకెళ్తుంది. ఐదు రోజులు ఎవరూ చెయ్యి పెట్టకపోతే దీపం ఆరిపోతుంది. గుమ్మంమీద ఆరిన దీపం ఉంచుకునే ధైర్యం మా పేటలో ఇంకా ఎవరికీ రాలేదు.

నాలుగో వరసలో పసుపు దీపం మాదొక్కటే. నాకు షుగరు, మా తమ్ముడు నాంచారయ్యకి రెండు కిడ్నీలూ పోయాయి. సోమవారం, శుక్రవారం వాణ్ణి దోనెలో కూర్చోబెట్టుకుని డాక్టర్ ఎస్తేరుగారి పడవకి తీసుకెళ్తాను. డయాలసిస్ అయ్యేదాకా అక్కడే కూర్చుని వడియాలకి నాచు విడదీసుకుంటాను. ఆ పడవ వెళ్ళిపోతే వాడు గట్టుమీద ఆసుపత్రి హాస్టల్లో ఉండాలి. నన్ను అక్కడ ఉండనివ్వరు. నాకు వాడూ, వాడికి నేనూ తప్ప ఇంకెవరూ లేరు. ఈ మాట నివేదికలో రాయడానికి చోటు లేదు.

సాయంత్రం ఎదురింటి శేషారత్నం వదిన అరుగుమీదనుంచి కేకేసింది. “భ్రమరం, ఇవాళన్నా రాగిజావ కాశావా? మా ఆయన్ని చూడు, ఎనభైకి దగ్గరపడ్డా రాయిలా ఉన్నాడు. అంతా నోటి కట్టడే!” మా తమ్ముడికి రాగులు పడవని డాక్టరుగారు ఎప్పుడో చెప్పారు. ఆ సలహా వృథా కాకూడదని ఐదేళ్ళనుంచి నేనే తాగుతున్నాను.

2
బుధవారం. పడమటి గాలి.

మాట్లాడేవాళ్ళను కూడగట్టడానికి పొద్దున్నుంచి వరసలన్నీ తిరిగాను. డాక్టరుగారు ఉండి తీరాలని అందరూ అన్నారు. ఎందుకుండాలో చెప్పమంటే ఒక్కరూ చెప్పరు. సభకి మండలి పెట్టిన నియమం ఒకటుంది. ఊరి మాట, విన్న మాట పనికిరాదు, మాట్లాడే మనిషి తన ఇంట్లో జరిగిందే చెప్పాలి. అదే అందరికీ గొంతుకి అడ్డం పడింది.

పేట పెద్ద నాగేంద్రంగారి దగ్గరికి వెళ్తే ఆయన ఇత్తడి ఫలకం చింతపండుతో తోమిస్తున్నారు.

“డాక్టరమ్మ పోతే పేటకి పరువేం ఉంటదమ్మా? నేను మాట్లాడతా, రాసుకో” అన్నారు.

“సరే బాబాయిగారూ. మీ ఇంట్లో ఎవరికి ఏ అవసరం పడిందో చెప్పండి.”

“మా ఇంట్లోనా? మా ఇంట్లో ఎవరికేం రోగం?” అంటూ ఉండగానే దగ్గు తెర వచ్చి గోడవైపు తిరిగారు. తిరిగి ఇటు చూసేసరికి కళ్ళనిండా నీళ్ళున్నాయి. “పొగ” అన్నారు. పొయ్యి వెలిగించలేదు.

తిరిగి తిరిగి డాక్టరుగారి పడవ దగ్గర ఆగాను. ఆవిడ గుంటూరు మనిషి, మా పేటకి వచ్చి ఏడేళ్ళయింది. తెడ్డు వెయ్యడం ఇంకా రాలేదు గాని మా అందరి నాడి తెలుసు. నా గోడు విని టీ పోశారు.

“ఈ పేటవాళ్ళెవరికీ జబ్బుల్లేవు భ్రమరాంబగారూ. కాకపోతే ప్రతి ఇంటికీ గట్టుమీద ఒక రోగిష్టి చుట్టం ఉన్నాడు. ఆ చుట్టానికి బీపీ మాత్రలు కావాలి, ఈ చుట్టానికి ఆయాసం మందు కావాలి. ఇంతమంది చుట్టాలున్న పేట నేనెక్కడా చూళ్ళేదు” అన్నారు.

నవ్వాను. ఇంటికి వచ్చి అన్నం తింటుంటే ఆ మాట మళ్ళీ గుర్తొచ్చింది. డాక్టరుగారు ఊరికే జోకులేసే మనిషి కాదు.

3
గురువారం. పొద్దున్నే పోటు.

కోపంగా ఉంది. కోపంలోనే రాస్తున్నాను.

శేషారత్నం వదిన వాక్చాతుర్యం ఉన్న మనిషి కదా, సభలో మాట్లాడమని అడుగుదామని తెల్లవారగానే దోనె వేసుకుని ఆవిడ వెనక అరుగుకి వెళ్ళాను. వంటింటి తలుపు తీసే ఉంది. కోడలు హేమలత పలక ముందు కూర్చుని ఉంది.

“శేషారత్నం” అని చెయ్యి ఆనించింది. తీసి, కొంగుకి తుడుచుకుంది. “పూర్ణయ్య” అని మళ్ళీ ఆనించింది. మామగారి పేరు. మళ్ళీ తుడుచుకుని తన పేరు చెప్పుకుంది. ముగ్గు వేసినంత మామూలుగా చేస్తోంది ఆ పిల్ల. ఆ పని అయ్యాక లేచి, పక్కింటికి వేసిన బల్లమీదుగా నడిచి వాళ్ళ వంటింట్లోకి వెళ్ళింది. అక్కడా పేర్లు వినపడ్డాయి. అక్కణ్ణుంచి ఆ పైయింటికి వెళ్ళింది.

మా పేటలో తాళ్ళు లాగి లాగి, ఉప్పునీళ్ళలో నాని నాని చేతిగీతలు అరిగిపోయినవాళ్ళే అందరూ. పలకలు కొత్తగా పెట్టినప్పుడు అవి ఎవర్నీ గుర్తుపట్టకపోతే మేమే గొడవచేసి ఆ తనిఖీ తీయించాం. అప్పట్నుంచి ఏ పేరు చెబితే ఆ మనిషే. దాన్ని ఇలా వాడుకోవచ్చని నాకెప్పుడూ తోచలేదు. తోచినవాళ్ళు మాత్రం వరసకొక మంచి చెయ్యి చూసి పెట్టుకున్నారు. తోడుకి పెరుగు అడిగినట్టు చెయ్యి అడుగుతున్నారు. నాలుగో వరసకి హేమలత చెయ్యి, రెండో వరసకి ఇంకెవరిదో.

వదిన లోపల్నుంచి వచ్చి నన్ను చూసింది. నేను చూసింది కూడా చూసింది.

“ఎన్నాళ్ళనించి?” అన్నాను.

“పిల్ల కాపరానికొచ్చిన కాణ్ణించి” అంది నెమ్మదిగా. “అందరూ చేసేదే భ్రమరం. పక్కింటి గుమ్మం పచ్చగా ఉంటే మన గుమ్మం పసుపుగా ఎట్టా పెట్టుకుంటాం చెప్పు?”

“మా గుమ్మం పసుపుగానే ఉందిగా!”

“నీ ధైర్యం నాకు లేదమ్మా.”

“ఐదేళ్ళు రాగిజావ తాగాను వదినా, నీ మొగుడు రాయిలా ఉన్నాడని చెప్పావని!”

ఆవిడ తల దించుకుంది. మామూలుగా అయితే ఆవిడ మాటకి మాట అప్పజెప్పే మనిషి. “సభలో చెబుతావా?” అని అడిగింది. దోనె తిప్పుకుని వచ్చేశాను.

4
శుక్రవారం. మబ్బు.

డాక్టరుగారి పడవలో నాంచారయ్య పక్కన కూర్చుని అంతా చెప్పాను. డాక్టరుగారి ముందే చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు.

“మీరు చెప్పొచ్చుగా మండలికి?” అన్నాను.

“నా దగ్గరికి వచ్చినవాళ్ళ సంగతి నా నోట రాదండీ. వస్తే ఇంకెవరూ నా దగ్గరికి రారు. ఆ చుట్టాల పేరు చెప్పి కూడా రారు” అన్నారు.

నాంచారయ్య గొట్టాలున్న చెయ్యి కదపకుండా నావైపు తిరిగాడు. “నువ్వు కూడా చెప్పమాకక్కా.”

“నీకోసమేరా చెప్పేది!”

“అందుకే వద్దంటున్నా. నేనిక్కడ ఉండటానికి పూర్ణయ్య బాబాయిని నలుగురిలో నిలబెడతావా? ఆ తర్వాత ఆ ఇంటి ఎదురుగా మనం ఎట్టా ఉంటాం?”

వాడికి మంచితనం ఎక్కువ, లోకజ్ఞానం తక్కువ అని తిట్టాను. వాడు కళ్ళు మూసుకున్నాడు. తిట్టాక బాధనిపించింది. కాని తిట్టినంతసేపూ హాయిగా ఉంది, అదీ నిజమే.

సాయంత్రం హేమలత మా అరుగుకి వచ్చింది. కుడి చేతికి గుడ్డ చుట్టుకుంది. చేప కోస్తుంటే చెయ్యి తెగిందట, నాలుగు రోజులు పలకమీద చెయ్యి పెట్టలేనని అత్తగారికి చెప్పిందట. నాచు ఆరబెట్టడంలో ఎడమ చేత్తో సాయం చేస్తూ అడిగింది.

“పిన్నిగారూ, ఈ పలక లోపలి సంగతులన్నీ పట్టుకుంటుందా? ఎన్నాళ్ళకి పట్టుకుంటుంది?”

“నా షుగరు మొదలైన నెలన్నరకే చెప్పేసిందమ్మా. ఏం, నీకేమన్నా నలతగా ఉందా?”

“ఏం లేదు” అంది. కాసేపాగి, “డాక్టరుగారు పోతే ఇక్కడ పురుళ్ళు ఎవరు పోస్తారు?” అని అడిగింది.

“నెల ముందే గట్టుకి పోయి పడుండాలి. మా అమ్మ కాలంలో అలాగే పోయేవాళ్ళు. దారిలోనే కన్నవాళ్ళూ ఉన్నారు. అందరూ తిరిగి రాలేదు.”

నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆ పిల్ల నాచు విదిలించడం ఆపేసింది. మొగుడు పెద్ద పడవమీద వేటకి వెళ్ళాడు, వచ్చేసరికి ఇంకా చాలా రోజులు పడుతుంది. తల్లి లేదు. ఎవరితో ఏం చెప్పుకుంటుందో అనిపించి, రాత్రికి మా ఇంట్లో తినమన్నాను. అత్తగారు ఎదురుచూస్తుందని వెళ్ళిపోయింది.

5
ఆదివారం. ఎండ.

మండలి నుంచి ఆఫీసరు వచ్చాడు. పేరు సౌమిత్రి. నలభై లోపే ఉంటాడు. బూట్లతో పంటు ఎక్కాడు, ఎక్కగానే గోడ పట్టుకున్నాడు. పాపం గట్టు మనిషి, అడుగున నీళ్ళు కదిలితే ఆయన కడుపు కదులుతోంది. నిమ్మకాయ ఇస్తే వాసన చూస్తూ మాట్లాడాడు.

ఎవడో దొరబాబు వస్తాడు, నాలుగు దులుపుదామని నేను కాచుకుని కూర్చున్నాను. మనిషి చూస్తే మెత్తగా ఉన్నాడు. తూర్పున ఒక పేట ఉందట, అక్కడ పిల్లలున్న ఇళ్ళు ఎన్నో ఎర్రగా వెలుగుతున్నాయట, వాళ్ళకి డాక్టరు లేనే లేదట.

“మీలాంటి పేట ఇంకోటి లేదండీ. మీ అంకెలు చూపించి మిగతావాళ్ళను బతిమాలుతున్నాం, వాళ్ళలా బతకండి అని. మీ డాక్టరుగారిని అక్కడికి పంపడానికి మీరే ఒప్పుకుంటే ఎంత గొప్పగా ఉంటుంది!” అన్నాడు.

ఎర్ర దీపాల కింద ఉన్న ఆ పిల్లలు నాకు కళ్ళముందు ఆడారు. వాళ్ళ నోటిదగ్గరి మందు మా తమ్ముడికోసం లాక్కుంటున్నానా అనిపించింది. కాని ఇక్కడ డాక్టరు అక్కర్లేదనిపిస్తున్నది జబ్బుల్లేక కాదు కదా, జబ్బులు దాచబట్టి. చెబుదామని నోటిదాకా వచ్చింది. నాంచారయ్య మొహం గుర్తొచ్చి నిమ్మకాయ ఇంకోటి కోసిచ్చాను.

నాలుగో వరసలో ఇంకో గొడవ మొదలైంది. హేమలత చెయ్యి పెట్టక దీపాలు ఆరిపోయే గడువు దగ్గరపడింది. మంగళవారం సభ. ఆ సాయంత్రానికి ఎవరో ఒకరు చెయ్యి పెట్టకపోతే ఆఫీసరు కళ్ళముందే వరసంతా ఆరిపోతుంది. తమ తమ చేతులే పెట్టుకోవచ్చు. ఆ ఆలోచన ఎవరికీ రాలేదు, వచ్చినా పైకి అనలేదు. ఆడవాళ్ళంతా వెనక బల్లలమీద గుసగుసలు. రెండో వరస చెయ్యి తెచ్చుకుందామంటే ఆ పిల్లకి జలుబట. చివరికి శేషారత్నం వదిన కోడల్ని బతిమాలుతుంటే నా చెవిన పడింది.

“గాయం మానిందిగా తల్లీ. ఒక్క మంగళవారం పొద్దున పెట్టు. ఆ తర్వాత నాలుగు రోజులు అడగను.”

“అందరికీ పెట్టమంటారా అత్తయ్యా? మగవాళ్ళకి కూడానా?” అంది హేమలత.

“ఎప్పుడూ పెట్టేదేగా, కొత్తగా అడుగుతావేంటి?”

“సరే. పెడతాను” అంది.

6
మంగళవారం. గాలి పడిపోయింది. సభ.

జరిగింది జరిగినట్టు రాయాలి, లేకపోతే రేపటికి నేనే నమ్మను.

మా సభలు పడవలమీదే జరుగుతాయి. ఇంటికొక పడవ చొప్పున వచ్చి, పక్క పడవకి తాడు కట్టుకుంటూ చుట్టూ తిరిగొస్తే పెద్ద గుండ్రం అవుతుంది. నడుమ నీళ్ళు. ఓటు వెయ్యాలంటే తాడు విప్పి పడవ జరపాలి. ఔనన్నవాళ్ళు వేదిక వైపు, కాదన్నవాళ్ళు డాక్టరుగారి పడవ వైపు. నాగేంద్రంగారి పంటు వేదిక. దానిమీద ఫలకం మెరుస్తోంది. ఎండ తగ్గాక మొదలుపెట్టాం.

ఆఫీసరు ముసాయిదా చదివి, తూర్పు పేట పిల్లల సంగతి చెప్పాడు. ఎవరికీ కోపం రాలేదు. అదే పెద్ద కష్టమైంది. కోపం వస్తే నోళ్ళు లేచేవి. ఒక్కొక్కళ్ళని పిలిచాను. లేచినవాళ్ళు డాక్టరమ్మ మంచిదన్నారు, చల్లని చెయ్యన్నారు, దణ్ణం పెట్టి కూర్చున్నారు. ఇంట్లో జరిగింది చెప్పమంటే, ఏమీ జరగలేదన్నారు. ఆఫీసరు ప్రతి మాటకీ తలూపి రాసుకున్నాడు. ఆయన రాస్తున్నకొద్దీ మా తమ్ముడు నాకు దూరమైపోతున్నట్టుంది.

చివరికి నా పేరు నేనే పిలుచుకుని లేచాను. ఎదురుగా శేషారత్నం వదిన, పక్కన పూర్ణయ్యగారు. ఆవిడ నా మొహం చూడలేక పడవ అంచు చూస్తోంది. అంతా చెప్పేద్దామని నిజంగానే అనుకున్నాను. నాంచారయ్య నావైపు చూశాడు. పాడు చూపు. “మా ఇంట్లో ఇద్దరం. ఇద్దరికీ జబ్బే. డాక్టరుగారు లేకపోతే మా తమ్ముడు నా దగ్గర ఉండడు. మాకింకెవరూ లేరు” అన్నాను. కూర్చున్నాను. ఒక పసుపు దీపం చాలదని నాకూ తెలుసు, ఆఫీసరుకీ తెలుసు.

అప్పుడే దీపాల వేళైంది.

ముందు ఆఫీసరు చేతిలోని పరికరం మోగింది. చూసుకుని మొహం విప్పార్చుకున్నాడు. “శుభవార్తండీ! నాలుగో వరసలో శేషారత్నంగారింట్లో గులాబీ వెలిగింది!” అందరూ చప్పట్లు కొట్టారు. అది మళ్ళీ మోగింది. “పక్కింట్లో కూడా!” మళ్ళీ చప్పట్లు. ఆ తర్వాత అది ఆగకుండా మోగుతూనే ఉంది. మేమందరం వెనక్కి తిరిగి చూశాం. మా ఇల్లొక్కటి తప్ప నాలుగో వరస ఈ చివరినుంచి ఆ చివరిదాకా గులాబీ రంగులో వెలిగిపోతోంది. నీళ్ళలో కూడా గులాబీ రంగే.

ఆఫీసరు పరికరంలో పేర్లు చూస్తున్నాడు. కళ్ళు నలుపుకున్నాడు. మైకు చేతిలో ఉన్న సంగతి మరిచిపోయి పైకే చదివాడు. “పూర్ణయ్యగారు... పురుషుడు... వయసు డెబ్బై తొమ్మిది... రెండో నెల?”

ఎవరో ఒకావిడ ఆపుకోలేక కిసుక్కుమంది. అంతే, గుండ్రమంతా పగలబడి నవ్వింది. పడవలు ఊగిపోయాయి. “బాబాయికి చలిమిడి తేండే!” అని ఒకరు, “పుట్టింటోళ్ళకి కబురు పెట్టండ్రా!” అని ఇంకొకరు. డాక్టరుగారు రెండు చేతులతో మొహం కప్పుకున్నారు, భుజాలు అదురుతున్నాయి.

హేమలత లేచి నిలబడింది. అప్పటికే ఏడుస్తోంది.

“ఆ చెయ్యి నాది” అంది. “అందరి పేర్లకీ నా చెయ్యే పెట్టాను. రోజూ పెడుతున్నాను. ఇవాళ నా కడుపు సంగతి బయటపడుద్దని తెలిసే పెట్టాను. నా కానుపుకి డాక్టరుగారు ఉండాలి. ఎట్టా అడగాలో నాకు తెలియలా. మా ఇంట్లో జరిగిందే చెప్పాలన్నారు. దీపం ప్రకారం మా ఇంట్లో ఎవరికీ ఏమీ లేదుగా!”

నవ్వు ఆగిపోయింది. శేషారత్నం వదిన చివాల్న లేచింది. కోడల్ని ఏమంటుందోనని నేను గెడతో మా పడవను వాళ్ళ పడవకి తగిలించి నిలబడ్డాను. ఆవిడ నావైపు చూడను కూడా లేదు. ఆ పిల్ల భుజాలు పట్టుకుని, “రెండో నెలంటే నాతో చెప్పవంటే పిచ్చిదానా? నిన్నటిదాకా నీళ్ళ బిందెలు మోయించాను కదే!” అని తనూ ఏడ్చింది.

పూర్ణయ్యగారు మెల్లగా లేచారు. ఆయన సభలో మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. “బాబూ ఆఫీసరుగారూ” అన్నారు. “నేను కడుపుతో లేను. కాళ్ళు వాస్తున్నయ్యి. రెండేళ్ళనించి. మెట్టెక్కితే ఆయాసం. రాత్రిళ్ళు పడుకోలేను, కూర్చునే ఉంటాను. మా ఇంట్లో జరిగింది అది. రాసుకోండి.”

ఆ తర్వాత నేను పేర్లు పిలవాల్సిన అవసరం రాలేదు. నాగేంద్రంగారు దగ్గు సంగతి చెప్పారు, చెబుతూ దగ్గారు. రెండో వరసావిడ రొమ్ములో గడ్డ ఉందని చెప్పింది, తన మొగుడికి కూడా అప్పుడే తెలిసింది. ఆయన ఆవిడ చెయ్యి పట్టుకుని సభ అయ్యేదాకా వదల్లేదు. డాక్టరుగారన్న ఆ గట్టుమీది చుట్టాలందరూ ఒక్కొక్కళ్ళూ వచ్చి మా పడవల్లో కూర్చున్నారు.

ఆఫీసరు చాలాసేపు రాశాడు. తర్వాత కలం పక్కన పెట్టాడు. “అయితే మేం ఇన్నేళ్ళూ చూపించి మురిసిపోయింది ఈ అమ్మాయి ఆరోగ్యాన్నా?” అన్నాడు. కోప్పడతాడనుకున్నాను. “మిగతా పేటల్లో కూడా ఇంతేనేమో. ఆ ఎరుపు చూపించినవాళ్ళొక్కళ్ళే నిజం చెప్పినట్టున్నారు” అన్నాడు.

అప్పుడు నాకు ఒకటి తోచింది. లేచి అడిగాను. “ఆ దీపం గుమ్మంమీద ఎందుకండీ? మా ఒంట్లో సంగతి వీధికెందుకు? లోపల పెట్టండి. మాకూ, డాక్టరుగారికీ కనిపిస్తే చాలదా? అప్పుడు ఎవరి చెయ్యి వాళ్ళే పెట్టుకుంటారు.”

నా మాట కూడా రాయించి, ముసాయిదాని ఓటుకి పెట్టాం. తాళ్ళు విప్పిన చప్పుడు, తెడ్ల చప్పుడు. పడవలన్నీ ఒకేసారి డాక్టరుగారి పడవ వైపు జరిగేసరికి చోటు చాలక ఒకటినొకటి గుద్దుకున్నాయి. వేదిక ముందు నీళ్ళు ఖాళీగా మిగిలాయి.

7
శుక్రవారం, నెల దాటాక. చిన్న వాన.

మండలి జవాబు వచ్చింది. దీపాలు లోపలికి మారాయి. అన్ని పేటల్లోనూ మళ్ళీ మొదట్నుంచి చేతులు పెట్టించి, ఆ తర్వాతే పంపకాలు. డాక్టరుగారి పడవ ఇక్కడే ఉంటుంది. వారంలో రెండు రోజులు మాత్రం తూర్పు పేటకి వెళ్ళొస్తుంది. మావాళ్ళే వంతులవారీగా తెడ్లు వేసి తీసుకెళ్తున్నారు. మొదటి వంతుకి నేనూ వెళ్ళాను. అక్కడి పిల్లలు డాక్టరుగారికంటే ఎక్కువ నా నాచు వడియాల మీద పడ్డారు.

సొంత చేతులతో చూపించుకున్నాక మా పేట రంగు ఏమైందో ఫలకం ఇచ్చినవాళ్ళు చూస్తే మూర్ఛపోతారు. నాగేంద్రంగారు ఫలకాన్ని తిరగేసి దానిమీద చేపలు ఆరబెడుతున్నారు. రెండో వరసావిడకి గట్టుమీద ఆపరేషన్ అయింది, వేళకే వచ్చిందన్నారట. డాక్టరుగారి పడవ ముందు పొద్దున్నే దోనెల బారు. ఆ బారులో నిలబడ్డ ప్రతివాళ్ళూ పక్కవాళ్ళకి ఏదో ఒక పథ్యం చెబుతూనే ఉన్నారు. ఆ జబ్బుకి మాత్రం మందు లేదు.

పూర్ణయ్యగారికి కూడా కిడ్నీలే. ఇవాళ ఆయనకి మొదటి డయాలసిస్. రెండో బల్ల వేయించి, నాంచారయ్య పక్కనే పడుకోబెట్టారు. ముసలాయన భయపడుతుంటే మా వాడు ఏ గొట్టం ఎందుకో ఒక్కొక్కటీ విడమరిచి చెప్పాడు. నేనూ శేషారత్నం వదినా బయట కూర్చున్నాం.

“ఎదురుగానే ఉన్నావు భ్రమరం” అంది వదిన. “మీ తమ్ముణ్ణి దోనెలో ఎక్కించుకుని పోతా ఉంటే వారం వారం చూసేదాన్ని. మా ఆయన్ని కూడా ఎక్కించుకోమని అడుగుదామని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. రాగిజావ సంగతి చెప్పి లోపలికి పోయేదాన్ని.”

ఆవిడ మీద కోపం ఇంకా కాస్త మిగిలి ఉందనుకున్నాను. వెతుక్కుంటే దొరకలేదు.

తిరిగొచ్చేటప్పుడు వాన ఆగింది. ఎప్పుడూ డయాలసిస్ అయ్యాక దోనెలో కళ్ళు మూసుకుని పడుకునే నాంచారయ్య ఇవాళ కూర్చున్నాడు.

“అక్కా, నీకొకటి చెప్పలేదు” అన్నాడు. “నువ్వు నిర్వాహకురాలివి కాకముందే నేను సంచి సర్దుకున్నా. డాక్టరుగారు ఉన్నా సరే, గట్టుకి పోయి హాస్టల్లో ఉందామనుకున్నా.”

తెడ్డు ఆపేశాను. “ఎందుకురా?”

“పేటంతా బాగుంది. నేనొక్కణ్ణే చెడ్డాను, నావల్లే మన గుమ్మం అట్టా ఉందనిపించేది. అక్కడైతే అందరూ నాలాంటోళ్ళే ఉంటారు కదా అని.”

వాడు చెప్పమాకన్నది మంచితనంతో అనుకున్నాను. వాడు వెళ్ళిపోవడానికి సిద్ధపడి అన్నాడు. ఐదేళ్ళు పక్కన కూర్చుని నాచు విడదీశానే గాని, ఈ సంగతి నాకు తెలియలేదు. అక్కడే, నడినీళ్ళలో, దోనె దానంతటది తిరుగుతుంటే ఏడ్చాను. వాడు ఆపమనలేదు.

“ఇప్పుడు ఏమంటావురా?” అన్నాను కొంగుతో మొహం తుడుచుకుని.

“ఇప్పుడెట్టా పోతాను? సోమవారం తొందరగా వచ్చి గొట్టాలు పెట్టేటప్పుడు పక్కనుండమన్నాడు పూర్ణయ్య బాబాయి. ఆయనకి సూదంటే భయం.”